రెండో రోజు చెప్పాల్సిన పాఠం

2011 జూలైలో తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయంలో, స్టాటిస్టిక్స్ విభాగంలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఉద్యోగ విరమణ చేసినవాణ్ణని ఇప్పుడు చెప్పుకుంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతున్నారు, ఎందుకంటే నలభై ఈమధ్యే దాటాయి. కానీ పాఠాలు చెప్పడం మానేసి చాలాకాలమైంది, మళ్ళీ ఆ వైపు వెళ్ళేది లేదు. దాన్ని విరమణ అనే అంటారు. సన్మానసభ జరగలేదు కాబట్టి వక్తలూ బతికిపోయారు.

హోదాల సంగతి ముందు చెప్పాలి. విభాగంలో ప్రొఫెసర్లు, వాళ్ళ కింద అసోసియేట్లు, వాళ్ళ కింద అసిస్టెంట్లు, తర్వాత కాంట్రాక్టువాళ్ళు, తర్వాత బీరువాలు, ఆ తర్వాత పార్ట్‌టైమ్ లెక్చరర్లు. బీరువాలకు తాళాలైనా ఉండేవి. ఎమ్మెస్సీ రెండో ఏడాదికి సంభావ్యతా సిద్ధాంతం నాకిచ్చారు. పాతవాళ్ళెవరూ తీసుకోని పేపరది. పిల్లలకు అర్థం కాకపోవడం అందులో సమస్య కాదు. అర్థమైందనుకోవడం సమస్య.

అందుకు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మనసు సులువుగా బోల్తాపడే లెక్కను తీసుకుని, మొదటి రోజు తప్పు సమాధానాన్నే పూర్తి గాంభీర్యంతో బోర్డు మీద రాసేవాణ్ణి. అందరూ తలూపాక గంట కొట్టేవరకు అలాగే ఉంచేవాణ్ణి. రెండో రోజు వచ్చి కూల్చేవాణ్ణి. ఇరవై నాలుగ్గంటలు తప్పును నిజమని మోసినవాడు దాన్ని జన్మలో మరిచిపోడని నా సిద్ధాంతం. సగం బోధన, సగం తుంటరితనం.

ఆ సెప్టెంబరులో తీసుకున్న లెక్క ఇది. మూడు అట్టముక్కలు. ఒకటి రెండు వైపులా ఎరుపు, ఒకటి రెండు వైపులా తెలుపు, మూడోది ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు. కళ్ళు మూసుకుని ఒక ముక్క తీసి బల్ల మీద పెట్టారు. పైకి ఎరుపు కనబడింది. కింద కూడా ఎరుపే ఉండే అవకాశం ఎంత? నేను బోర్డు మీద రాసిన సమాధానం: "తెల్ల ముక్క పోయింది. మిగిలినవి రెండే. కాబట్టి సగం. ఇందులో ఆలోచించడానికేమీ లేదు." చివరి వాక్యం నా సొంత అలంకారం. పరీక్ష భాష ఇంగ్లీషు కాబట్టి బోర్డు మీదా ఇంగ్లీషులోనే రాశాను, అందరూ ఉన్నదున్నట్టు శ్రద్ధగా ఎక్కించుకున్నారు.

రెండో రోజు రాలేదు. తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. గేటు దగ్గర పోలీసులు, లోపల ఊరేగింపులు, బస్సులు లేవు, తరగతులు లేవు. మా విభాగం వరండాలో బాష్పవాయువు నా పాఠాల కంటే క్రమం తప్పకుండా వచ్చేది. సమ్మె ముగిశాక మిగిలిన సిలబస్‌ను రైలు తప్పిపోతున్నవాడిలా పరిగెత్తించాను. ఎరుపు తెలుపు ముక్కలు బోర్డు మీదే ఉండిపోయాయన్న సంగతి గుర్తులేదు.

వాయిదాలు పడి పడి పరీక్షలు చలికాలంలో జరిగాయి. జవాబు పత్రం మీద పేరుండే భాగాన్ని చింపేసి, కోడ్ నంబరు వేసి, కట్టలు కట్టి బయటి విశ్వవిద్యాలయాల వాళ్ళ చేత దిద్దిస్తారు. మా కట్టల్లో ఒకటి దిద్దినాయన రెండు పత్రాల్లో ఒకే తప్పు ఒకే మాటల్లో ఉందని రాసి పంపాడు. ఇలాంటివి మాల్‌ప్రాక్టీస్ కమిటీకి వెళతాయి. ఒక చైర్మన్, ఇద్దరు సభ్యులు, రాసుకోవడానికి ఒక గుమాస్తా.

ఒకరోజు పరీక్షల విభాగం నుంచి ఫోను. ఇద్దరు విద్యార్థులు ఒకరికొకరు సంబంధం లేకుండా ఒకే తప్పును అవే మాటల్లో రాసే సంభావ్యత ఎంత అని. "దాదాపు సున్నా సార్" అన్నాను. అదే ముక్క రాసి పంపమన్నారు. మూడు లైన్లు రాసి సంతకం పెట్టాను. పత్రాలు చూపించమని అడగలేదు. ఎవరో పెద్దవాళ్ళు నన్ను నిపుణుడన్నారు, అది చాలింది. నా వృత్తి జీవితం మొత్తంలో ఎవరైనా అక్షరం పొల్లుపోకుండా అమలుచేసిన సలహా అదొక్కటే.

వారం తర్వాత మల్లేష్ స్టాఫ్ రూముకొచ్చాడు. నల్లగొండ వైపు వ్యవసాయ కుటుంబం, నాకంటే రెండేళ్ళు పెద్ద. మధ్యలో చదువు ఆపి పనులు చేసి మళ్ళీ చేరినవాడు. మాణికేశ్వర్ నగర్‌లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. ఊరేగింపుల్లో ముందు నడిచేవాడు, తరగతిలో వెనక కూర్చునేవాడు. ఒక పరిశోధన సంస్థలో గణాంక సహాయకుడి పోస్టుకు రాతపరీక్ష గట్టెక్కాడు. జూన్ నెలాఖరుకు ఎమ్మెస్సీ పాసైన సర్టిఫికెట్ చూపించాలి. ఆ ఏడాది దాటితే వయసు దాటుతుంది.

నోటీసు నా ముందు పెట్టాడు. "గిది చూడున్రి సార్. నేను రమణి పేపర్ల చూసి రాసిన్నంట. ఆమెతోని మాట్లాడనీకే నాకు ధైర్యం సాలదు, ఆమె పేపర్ల జూస్తనా?"

రమణి తార్నాక అమ్మాయి. మాలాగే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. హాల్‌టికెట్ నంబర్ల వరుసలో పరీక్ష హాల్లో వీడి ముందు బెంచీ. ఏడాదిన్నరలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది 'ఇవాళ క్లాసుందా' అన్నంత వరకే.

"ఎవడో ఎక్స్‌పర్ట్ రాసిచ్చిండంట, అట్ల ఒక్క తీరుగ రాసుడు అయ్యే పనే కాదని. గాయన దొరికితే నాలుగు అడుగుత సార్" అన్నాడు.

రెండు పత్రాల్లోనూ ఉన్న వాక్యాన్ని నోటీసులో ఎత్తి రాశారు. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. నా వాక్యం.

"అడుగు, దొరికాడు" అన్నాను.

మల్లేష్ అడగలేదు. కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. "మీరు చెప్పిందే కద సార్ నేను రాసిన. గది తప్పా?" అన్నాడు. తన మీద వచ్చిన నేరం కంటే ఆ సంగతే వాణ్ణి ఎక్కువ దెబ్బతీసినట్టుంది.

ఇక్కడ ఈ వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. ఏ సంబంధమూ లేని ఇద్దరికి ఒకే మాటలు తట్టే అవకాశం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఒకే మాటలు కనిపించాయి కాబట్టి ఒకరిది ఒకరు చూసి రాసి ఉండే అవకాశం ఎంత అన్నది వేరే ప్రశ్న. మొదటిది సున్నాకు ఎంత దగ్గరైనా, రెండోదానికి జవాబు చెప్పాలంటే ఆ మాటలు ఇద్దరికీ చేరడానికి ఇంకే దారులున్నాయో చూడాలి. చదువుకున్నవాళ్ళు కూడా ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. నేను చదువుకున్నవాణ్ణే.

ఆ దారి అడిక్‌మెట్‌లో దొరికింది. అక్కడ యాదగిరి జిరాక్స్ షాపు. క్లాసులో ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న వేరొకమ్మాయి నోట్సు సమ్మె రోజుల్లో క్లాసు మొత్తానికి అక్కడినుంచే వెళ్ళిందట. యాదగిరి అసలు ప్రతి తీసి చూపించాడు. "మీ నోట్సు మస్తు నడిచింది సార్. సమ్మెల మా ఇంట్ల పొయ్యి వెలిగింది గీ దానితోనే" అన్నాడు. నా రచనకు దొరికిన ఏకైక సమీక్ష. మొదటి రోజు పాఠం అందులో చుక్కా కామాతో సహా ఉంది. రెండో రోజు పాఠం లేదు, జరగలేదు కాబట్టి.

ఆ ప్రతి పట్టుకుని కమిటీ ముందుకు వెళ్ళాను. తప్పు పాఠం నేనే చెప్పానని రాసిచ్చాను. క్లాసులో మిగతావాళ్ళ పత్రాలు కూడా తెరిపించమని, అదే వాక్యం ఇంకొందరు రాసి ఉంటారని విన్నవించాను. ఫిర్యాదు లేని పత్రాలు తెరిచే నిబంధన లేదన్నారు. నోట్సు మీద తేదీ లేదు, నిన్న రాయించి ఉండొచ్చు కదా అన్నారు. చైర్మన్‌గారు వేరే విభాగంలో సీనియర్ ప్రొఫెసరు. చెడ్డవాడు కాదు, ఓపిగ్గానే విన్నారు. "అయినా ఇది తప్పని ఎమ్మెస్సీ చదివేవాళ్ళకు తెలియదా? ఇద్దరూ ఒకే తప్పెలా చేస్తారయ్యా?" అన్నారు. ఒకే తప్పుందన్న నివేదికే తప్ప, ఆ లెక్కేమిటో ముగ్గురిలో ఎవరూ చదవలేదు.

నేను జేబులోంచి మూడు అట్టముక్కలు తీశాను. మా బంధువుల శుభలేఖను కత్తిరించి తయారుచేసినవి. ఒకటి తీసి బల్ల మీద పెట్టాను. ఎరుపు పడింది. కిందా ఎరుపే ఉండే అవకాశం ఎంతని అడిగాను.

చైర్మన్‌గారు వెంటనే చెప్పారు. "సగం. తెల్లది పోయింది, రెండు మిగిలాయి. ఇందులో ఆలోచించడానికేముంది?"

ఒక సభ్యుడు సగమే అన్నాడు. రెండో ఆయన తలూపాడు.

కేసు అక్కడ గెలిచాను. అంతకంటే గొప్ప సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. ముగ్గురు పెద్దలు, ఎవరినీ చూడకుండా, అదే తప్పు. అందులో ఒకరు ఇంచుమించు అవే మాటలు. నేను చేయాల్సిందల్లా, చూశారా సార్, ఎవరికైనా ఇలాగే తోస్తుంది, ఆ పిల్లల తప్పేం లేదు అని నెమ్మదిగా చెప్పడం.

నేను చెప్పింది ఇది: "సార్, మీరు ముగ్గురూ ఎవరి పేపర్లో చూసి రాశారు?"

మూలన గుమాస్తా ఫక్కున నవ్వాడు. తర్వాత దగ్గులోకి మార్చుకున్నాడు కానీ ఆలస్యమైంది. చైర్మన్‌గారు పెన్నుకు మూత పెట్టారు. "మీ అభిప్రాయం ముందే రికార్డులో ఉంది. వెళ్ళండి" అన్నారు.

బయట మెట్ల మీద మల్లేష్ నిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగాడు. నవ్వించానన్నాను.

"ఎవర్ని సార్?"

"గుమాస్తాని."

"మస్తు చేసిన్రు సార్. ఆర్డర్ మీద గాయనే సంతకం పెడ్తడా?"

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆ సెమిస్టరు పరీక్షలన్నీ రద్దు, తర్వాతి సెమిస్టరుకు అనుమతి లేదు, ఇద్దరికీ. మూడో పేరాలో 'విషయ నిపుణుడి లిఖితపూర్వక అభిప్రాయం మేరకు' అని ఉంది. నేను తర్వాత రాసిచ్చిన కాగితం ప్రస్తావన లేదు. కొత్త విద్యాసంవత్సరానికి నన్ను పిలవలేదు. అది శిక్ష కాదు. పార్ట్‌టైమ్ వాళ్ళను పిలవకపోవడానికి కారణం అక్కర్లేదు.

క్యాంపస్‌లో రెండు కథలు నడిచాయి. ఆంధ్రా లెక్చరర్ తెలంగాణ విద్యార్థిని ఇరికించాడని ఒకటి. విద్యార్థులు బెదిరిస్తే లెక్చరర్ మాట మార్చాడని ఇంకొకటి. మొదటి కథలో రమణి లేదు. రెండో కథలో అట్టముక్కలు లేవు. ఎవరి కథకు పనికిరాని సంగతి వాళ్ళు వదిలేశారు. మల్లేష్ మాత్రం మొదటి కథను ఎక్కడా ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. "సార్‌కు లెక్క వచ్చు, మాట రాదు" అనేవాడట.

అప్పీలు పెట్టాం. ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి వెళుతుండగా జూన్ వెళ్ళిపోయింది. రమణి మరుసటి ఏడాది రాసి పాసైంది. మల్లేష్ రాయలేదు.

జూలైలో తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కనిపించాడు. మూటా ముల్లే సర్దుకుని ఊరికి వెళుతున్నాడు. ఏం చేస్తావని అడిగితే పొలం ఉందన్నాడు. చాయ్ తాగాక అడిగాడు, "సార్, రెండో రోజు ఏం చెప్దామనుకున్నరు?"

శుభలేఖ ముక్కలు ఇంకా నా పర్సులోనే ఉన్నాయి. బల్ల మీద పరిచాను. ముక్కల్ని కాదు, ఎర్రటి ముఖాల్ని లెక్కపెట్టమన్నాను. మొత్తం మూడు. అందులో రెండు, రెండు వైపులా ఎరుపున్న ముక్కవే. నీకు కనిపించిన ఎరుపు ఆ మూడింట్లో ఏదైనా కావచ్చు. కాబట్టి కిందా ఎరుపే ఉండే అవకాశం సగం కాదు, మూడింట రెండొంతులు.

మల్లేష్ ముక్కల్ని తిరగేసి చూశాడు. ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

"గింతేనా సార్?"

"ఇంతే."

"రెండు నిమిషాలు పట్టలే" అని, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళి బస్సెక్కాడు.

ఆ ఉదంతం నాకు నేర్పింది పెద్దదేమీ కాదు. ఎవరైనా సంఖ్య అడిగితే, దాంతో ఏ ప్రశ్నకు జవాబు చెప్పబోతున్నారో ముందు కనుక్కోవాలి. తర్వాత కొన్నేళ్ళు ప్రైవేటు కాలేజీల్లో అదే పేపరు చెప్పాను. మూడు ముక్కల లెక్కను మొదలుపెట్టిన గంటలోనే ముగించేవాణ్ణి. గంట సరిపోదనిపించిన రోజు మొదలుపెట్టలేదు.