ఆఖరి ముక్క తీసుకునే మనిషి

మిసిసిపీ ఒడ్డున, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉన్న ఆ చిన్న పట్నంలో చావును గురించి మాట్లాడడానికి ఎవరూ గొంతు తగ్గించరు. రేపు స్పృహ తప్పి ఆసుపత్రిలో పడితే తనకు ఏ వైద్యం చేయాలో, ఏది చేయకూడదో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆరోగ్యంగా ఉండగానే రాసి సంతకం చేయడం అక్కడ పళ్ల డాక్టరుకు చూపించుకున్నంత మామూలు వ్యవహారం. దుకాణంలో వరుసలో నిలబడ్డవారు వాన సంగతి అయిపోగానే, "మీ కాగితం అయిందా?" అని పలకరించుకుంటారు.

ఎనభై దాటిన సెల్మా ట్వేటెన్ కాగితం మాత్రం కాలేదు. బడి వంటశాలలో జీవితమంతా పనిచేసి, ఏనాడూ ఒక్క పళ్లెమైనా ఆలస్యం చేయని మనిషి ఈ ఒక్క పనిలో వెనుకబడడం ఊరికి వింతగా ఉండేది. ఆమెకు అది తలవంపుగా ఉండేది.

చిక్కు ఎక్కడంటే, ఆ కాగితం మొట్టమొదట "మీకేం కావాలి?" అని అడుగుతుంది. నార్వే నుంచి తాతముత్తాతలు వలస వచ్చిన ఆ కుటుంబాలలో అంత మొరటు ప్రశ్న మరొకటి లేదు. అక్కడ కాఫీ ఇస్తామంటే మొదట వద్దనాలి; రెండోసారి అడిగితే మీకెందుకు శ్రమ అనాలి; మూడోసారికి ఉంటే అరకప్పు చాలనాలి. అప్పుడు నిండు కప్పు వస్తుంది. చర్చిలో కేకు పంచినప్పుడు ఆఖరి ముక్కను ఎవరూ ముట్టరు. ఒకరు దానిని సగం చేసి తీసుకుంటారు, మరొకరు ఆ మిగిలిన దానిలో సగం. చివరకు చీమకైనా చాలని పొడి పళ్లెంలో మిగులుతుంది. దానిని కూడా కత్తితో రెండు చేయబోయినవారు ఉన్నారు.

ఈ మొహమాటాల ఊరిలోకెల్లా మొహమాటస్థుడు ఆర్విడ్ స్కార్. చర్చికి కాపలాదారు, సెల్మాకు చిన్ననాటి స్నేహితుడు. తన తరఫున మాట్లాడే మనిషిగా సెల్మా అతనినే వెంటబెట్టుకొని చర్చి నేలమాళిగకు వెళ్లింది. అక్కడ కొరిన్ అనే నర్సు వారానికొకసారి కూర్చొని, ఈ కాగితాలు రాయడానికి వచ్చినవారికి సాయం చేసేది.

"ఆర్విడ్ గారూ, నేను డాక్టర్‌ననుకోండి," అంది కొరిన్. "సెల్మాగారికి ఊపిరి అందట్లేదు. గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టమంటారా?"

ఆర్విడ్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అయ్యో, ఇప్పుడెందుకండీ. మీరేదో పనిలో ఉన్నట్టున్నారు."

"అంటే వద్దా?"

"వద్దని కాదు. మిషన్ ఊరికే పడుంటే సరే. ఇంకెవరికైనా కావాలేమో కనుక్కున్నారా?"

"సరే, పెట్టాం. కొన్నాళ్లకి ఇక లాభం లేదని తేలింది. తీసెయ్యమంటారా?"

"అంత కష్టపడి పెట్టారు కదమ్మా! తీసెయ్యమని మొహాన ఎలా చెప్తాం? ఏమన్నా బావుంటుందా?"

కొరిన్ సెల్మా వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

"ఆర్విడ్‌కి ఏది ఇబ్బంది కాకపోతే అదే."

"నాకేం ఇబ్బంది సెల్మా! నువ్వెలా అంటే అలా."

"అబ్బెబ్బే, నువ్వెలా అంటే అలా."

కొరిన్ కలానికి మూత పెట్టేసింది.

ఇంటికి నడుస్తూ ఆర్విడ్ సమావేశం బాగా జరిగిందన్నాడు. సెల్మా నవ్వలేకపోయింది. ఆమెకు చనిపోయిన భర్త ఐనార్ గుర్తుకు వచ్చాడు. ఐనార్ మిషన్ మీద ఉన్నప్పుడు డాక్టర్ ఏం చేద్దామని అడిగితే, "మీ ఇష్టమండీ" అంది ఆమె. ఆ డాక్టర్ కూడా ఈ ఊరివాడే. "అబ్బే, మీ ఇష్టమమ్మా" అన్నాడు. ఇష్టం ఇలా ఆమె చేతి నుంచి అతని చేతికి, అతని చేతి నుంచి ఆమె చేతికి మారుతుండగా నది మీద మంచు కరిగిపోయింది, పడవలు తిరగసాగాయి. ఐనార్ మాత్రం గొట్టాల మధ్య అలాగే పడి ఉన్నాడు. మర్యాదకు లోటు రాలేదు. ఆ మర్యాద తనకూ జరుగుతుందన్నదే సెల్మా భయం.

తనకు కావలసింది మంచి మనిషి కాదని, మొహమాటం లేని మనిషని ఆమెకు ఆనాడు తెలిసివచ్చింది. ఊరిలో అటువంటి మనిషి ఒక్కతే: రోసాల్బా. న్యూజెర్సీ నుంచి కోడలిగా వచ్చి, భర్త పోయాక అతని పానశాలను తానే నడుపుతూ, శుక్రవారం సాయంత్రాలు ఊరందరికీ వేయించిన చేపలు పెట్టే ఇటలీ సంతతి ఆడమనిషి. వచ్చిన కొత్తలో ఆమె చర్చిలో ఆఖరి కేకు ముక్కను, సగం చేయకుండా, అందరి కళ్లెదుట తినేసింది. "ఎవరికీ వద్దు కదా?" అని అడిగింది కూడా. ఆనాటి నుంచి సెల్మా ఆమెను చూసినప్పుడల్లా ఎంతో తియ్యగా నవ్వేది. ఆ ఊరిలో అంతకు మించిన శిక్ష లేదు.

సెల్మా వెళ్లేసరికి రోసాల్బా చేపలు కోస్తోంది.

"కాఫీ తాగుతావా?"

"వద్దండీ."

"సరే," అని రోసాల్బా మళ్లీ చేపల మీదికి వంగింది.

సెల్మా రెండో పిలుపు కోసం కాసేపు ఎదురుచూసింది. అది రాలేదు. కాఫీ వాసనకు నోరూరుతున్నా ఆమె గుండె తేలికపడింది. వద్దంటే వద్దనే అనుకునే మనిషి దొరికింది. వచ్చిన పని చెప్పింది.

"నీ తరఫున మాట్లాడాలి. బానే ఉంది. ఏం మాట్లాడాలి? నీకేం కావాలి?"

"మీకు ఏది సులువైతే అది."

రోసాల్బా కత్తి కింద పెట్టింది. "నాకు సులువైంది రేప్పొద్దున్నే నిన్ను పాతిపెట్టెయ్యడం. నీకేం కావాలో ఏడువు."

సెల్మా ఎవరైనా వింటున్నారేమోనని ఖాళీ బల్లల వైపు చూసింది. "నాకు... బతకాలనుందండీ."

"గట్టిగా."

"బతకాలనుంది! మిషన్ పెట్టాలి. ఎవరికి శ్రమైనా సరే, పెట్టాలి. ఊపిరి తిరిగొచ్చే ఆశ ఉన్నంతవరకూ ఉంచాలి. ఆశ లేదని తేలిందా, ఆ పూటే తీసెయ్యాలి. ఐనార్‌లా నన్ను మర్యాదగా పడుకోబెట్టొద్దు."

"ఇంకా?"

ఎనభై ఏళ్ల గట్టు తెగింది. చర్చి పాటల బృందాన్ని తన మంచం దరిదాపులకు రానివ్వకూడదు. మంచం నది వైపు తిప్పాలి. లుటెఫిస్క్‌ను, అంటే బూడిదనీళ్లలో నానబెట్టి జిగురులా వండే ఆ పండగ చేపను, గొట్టంలో కూడా పోయకూడదు. పుట్టినప్పటి నుంచి తింటోంది, పుట్టినప్పటి నుంచి అసహ్యమే. తాను పోయాక "ఎవరికీ శ్రమ ఇవ్వని మనిషి" అని ఎవరూ అనకూడదు.

మరుసటి వారం ఇదంతా రాస్తూ కొరిన్ ఒకచోట ఆగింది. "పాటల బృందం సంగతి వైద్యం కిందికి రాదేమో?"

"వాళ్ల పాట ఎప్పుడన్నా విన్నావా?" అంది రోసాల్బా. "వైద్యం కిందికి రాకపోతే రోగం కింద రాయి."

ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆర్విడ్ వచ్చాడు, ఎదురింటి థోరా వచ్చింది. కలం థోరా వైపు జరిపి "ముందు మీరు" అన్నాడు ఆర్విడ్. "పెద్దవారు, మీరే ముందు" అని థోరా అతని వైపు జరిపింది. కలం బల్ల మీద అటూ ఇటూ అరిగిపోతుండగా రోసాల్బా లేచి, దానిని ఆర్విడ్ వేళ్ల మధ్య ఇరికించి, "గియ్యి!" అంది. అతను అదిరిపడి, తనది కాక థోరా పేరు రాయబోయాడు.

ఆ చలికాలంలో సెల్మాకు ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. ఊరికి కొత్తగా వచ్చిన డాక్టర్ బయటికి వచ్చి, చేతులు కట్టుకొని, మెత్తగా మాట్లాడాడు.

"వయసు మీద పడింది. ఈ ఊళ్లో ఈ వయసువాళ్లు చాలామంది మిషన్ వద్దనే రాశారు. ఈవిడ్ని కూడా ప్రశాంతంగా..."

"అవునండీ," అన్నాడు ఆర్విడ్ కళ్లు తుడుచుకుంటూ. "పాపం, ఎవరికీ శ్రమ ఇవ్వని..."

"నోర్ముయ్ ఆర్విడ్. ఆ మాట అనకూడదని రాసింది, నువ్వే సాక్షివి." రోసాల్బా కాగితాన్ని డాక్టర్ చేతిలో పెట్టింది. "ఆశ ఉందా, లేదా? అది చెప్పండి."

"ఉందనుకోండి, కానీ కొద్దిగా..."

"ఆవిడ కొద్దిగా అని రాయలేదు. పెట్టండి."

"మీరు ఒకసారి ఆలోచించుకుంటే..."

"ఆలోచన ఆవిడ చేసేసింది. నేను ఆవిడ నోరు, అంతే. పెట్టండి!"

పెట్టారు. మంచం నది వైపు తిప్పారు. ఒక సాయంత్రం పాటల బృందం మెట్లు ఎక్కబోతే రోసాల్బా తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకొని కూర్చుంది. ఊరు ఊరంతా కేకులు మోసుకొచ్చి, ఆసుపత్రి వరండాలో పెట్టి, వద్దు వద్దంటూ తింది.

నిమ్ము తగ్గి, గొట్టం తీసేశాక సెల్మా కళ్లు తెరిచింది. గొంతు గీసుకుపోయి ఉంది. మంచం పక్కన రోసాల్బా, గుమ్మంలో టోపీ పట్టుకొని ఆర్విడ్.

"నీకు..." అంది సెల్మా, గాలి వంటి గొంతుతో, "చాలా శ్రమ ఇచ్చానా?"

"చచ్చేంత. రెండు శుక్రవారాలు కొట్టు మూసేశాను. ఊరంతా చేపల్లేక అల్లాడిపోయింది."

సెల్మా ముఖం విప్పారింది. వరండాలో కేకు ఒక్క ముక్కే మిగిలిందని, ఏం చేయమంటారని ఆర్విడ్ మెల్లగా అడిగాడు. అతని మరో చేతిలో కత్తి ఉంది.

సెల్మా ఇంకా మంచినీళ్లయినా మింగలేదు. అయినా రోసాల్బా చెయ్యి పట్టుకొని దగ్గరకు లాగింది.

"అది నాది," అంది. "దాచిపెట్టు. వాణ్ణి సగం చెయ్యనివ్వకు."