గూడ్సు దాటేదాకా

మొన్న బీరువా సర్దుతుంటే పాత క్యాసెట్ పెట్టె ఒకటి చేతికొచ్చింది. మూత తీయగానే టేపు పులిసిన వాసన ముక్కుకు తగిలింది, దాని వెనకే సింహాచలం బాబాయ్ గొంతు: "ఎల్వీ సూసేవేటి, అమ్మలూ?" మా సొంత బాబాయ్ కాదు. హిందీ మాట్లాడే బిలాస్‌పూర్‌లో, రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ ఆయన. బిల్హాలో స్టేషన్ మాస్టరుగా రిటైరై, కాలనీ దగ్గర్లోని తోర్వాలో క్యాసెట్లు, కంప్యూటర్ల దుకాణం పెట్టారు. డిగ్రీ అవగానే నేను అందులో పనికి చేరాను. ఎల్వీ అంటే బండి చివరి పెట్టె వెనక తగిలించే పలక. దాన్ని కళ్ళారా చూస్తేగానీ బండి మొత్తం వచ్చినట్టు కాదు, వెనక బండికి దారి ఇవ్వకూడదు. ఉద్యోగమంతా ఆ పలక కోసం చూసిన మనిషి దుకాణంలోనూ దాన్ని వదల్లేదు. క్యాసెట్ కాపీ చేస్తే చివరిదాకా వినాల్సిందే. నాకేమో ప్రతిదానికీ తొందర. మొదటి పాటా చివరి పాటా విని "అయిపోయింది బాబాయ్" అనేసేదాన్ని. ఆయన టేపు మళ్ళీ మొదటికి తిప్పి నా చేతికిచ్చేవారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

తొంభైల చివర్లో ఒకరోజు కాలనీ నుంచి పైడమ్మ గారు వచ్చి, కొంగులో చుట్టిన క్యాసెట్ ఒకటి బల్లమీద పెట్టారు. ఆవిడ తల్లి, కాలనీలోని తోటి ఆడవాళ్ళు కలిసి పాడిన నలుగు పాటలు అందులో ఉన్నాయి. పాడినవాళ్ళలో ఎవరూ మిగల్లేదు.

"మనవరాలి పెళ్ళికి ఈ పాటలే గావాల, అన్నయ్యా. పిల్లలకి తెలుగు సదవడం రాదు, విని నేర్సుకోవాల. పాడైపోద్దని బయిపడి ఇన్నేళ్ళూ నాను కూడా యినలేదు."

టేపు నుంచి గోధుమరంగు పొడి రాలుతోంది. కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ చేయడం తప్ప దారి లేదు. మా కంప్యూటర్ సంగతి చెప్పుకుంటే సిగ్గు: రికార్డు చేస్తుండగా మౌస్ కదిపినా దానికి ఎక్కిళ్ళు వచ్చేవి, పాట మధ్యలో ముక్కలు ఎగిరిపోయేవి. మొదటి పాటలోనే రికార్డింగ్ రెండు చోట్ల తెగింది. ఆపేశాం. బాబాయ్ టేపును వెలుతురుకి పెట్టి చూశారు. "ఇంకొక్క మాటు తిరుగుతాది. అంతే," అన్నారు.

ఆ నెలలోనే ఒక కంప్యూటర్ పత్రికతో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సీడీ ఒకటి వచ్చింది. శబ్దం కోసం, బొమ్మల కోసం మొదటి నుంచీ కొత్తగా కట్టామని దాని గురించి రాశారు. బాబాయ్ దాన్ని మా డిస్కులోనే ఒక పక్కన ఎక్కించి, వారం పాటు సౌండ్ కార్డుతో కుస్తీ పట్టారు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, నాలుగు పాటలు ఒకేసారి పెట్టి, వాటి మీద ఫైళ్ళు తెరుస్తూ మూస్తూ కూర్చున్నారు. ఒక్క ఎక్కిలి లేదు. నేను నోరు తెరిచాను.

"పాతదాన్లో అన్నీ ఒకే లైను మీద ఎల్తాయి. దీన్లో పాటొస్తే మిగతా బళ్ళన్నిట్నీ పక్కనున్న లూప్ లైన్లో నిలబెట్టీస్తాది. రేపు డప్పు ఒక లైను, సన్నాయి ఒక లైను, గొంతు ఒక లైను. అన్నీ ఈ బల్ల మీదే కలపొచ్చు. స్టూడియో ఎందుకింక?"

"దీనికి సాఫ్ట్‌వేర్లే లేవు కదా బాబాయ్!"

"పట్టాలు పడ్డాయి. బళ్ళు వస్తాయిలే."

ఇంకొక్కసారే తిరిగే టేపుని తెలియని దానిమీద పెడతారా అని పోట్లాడాను. ఆయన మామూలు క్యాసెట్లు వరసగా ఎక్కించి, ఒక్కొక్కటీ చివరిదాకా విన్నాకే పైడమ్మ గారిని పిలిపించారు. కంప్యూటర్‌కి వేరే పని పెట్టకూడదని స్పీకర్లు కూడా ఆపేశారు. ముగ్గురం తెర మీద పాటకు తగ్గట్టు గీత ఎగరడం చూస్తూ కూర్చున్నాం. సరిగ్గా చివర్లో టేపు టప్పున తెగింది. కానీ పాటలు అయిపోయి గీత అప్పటికే ఆగిపోయింది. నాకు సంతోషం ఆగలేదు.

"వచ్చేసిందమ్మా! అన్నీ వచ్చేశాయి!"

పైడమ్మ గారు చేతులు జోడించారు. బాబాయ్ నా వైపు చూశారు. "ఎల్వీ సూసేవేటి?"

స్పీకర్లు పెట్టి వినడం మొదలుపెట్టాం. మూడో పాటలో, చరణం సగంలో, గొంతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గీత చదునైపోయింది. టేపు తెగిపోయింది, ఆవిడకు వచ్చేసిందని చెప్పేశాను, ఇక ఏ మొహం పెట్టుకుని చూడను? ఆపబోతే బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండు. బండి ఇంకా లైను మీదే ఉన్నాది."

రికార్డు లోపలి నుంచి సన్నగా ఒక అదురు. తర్వాత తడక్ తడక్ మంటూ చక్రాలు. పైడమ్మ గారు పకపకా నవ్వారు. "గూడ్సే! గూడ్సు ఎల్తంటే పాట ఆపీవోళ్ళం గదే!"

గోడ అదరగానే మాట ఆపి, బండి దాటాక ఆపిన చోటినుంచే అందుకోవడం పట్టాలను ఆనుకున్న మా కాలనీలో ప్రతి ఇంటికీ అలవాటు. అక్కడే పుట్టి పెరిగిన నేను దాన్ని కంప్యూటర్ తప్పనుకున్నాను. ఆ గూడ్సు ఎంత పొడవుందో! అది పోయాక గొంతులన్నీ సరిగ్గా ఆ సగం మాట దగ్గరే అందుకున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్ని పాటలూ అయ్యాక పైడమ్మ గారి తల్లి గొంతు వినబడింది: "అయిపోనాదా? ఆపీ మరి." బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలి, "అదిగో ఎల్వీ," అన్నారు. నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

బాబాయ్ చెప్పిన బళ్ళు రాలేదు. కొన్నాళ్ళకు ఆ సిస్టమ్‌ని జనం మరిచిపోయారు. దాని మాటెత్తితే ఆయన మాత్రం, "ఒక బండి ఎల్లింది గదా, సాలు," అనేవారు. ఇప్పుడు ఆయనా లేరు. నేను ఇవాళ్టికీ చివరిదాకా వినందే ఏ పనీ అయిందనను.

అప్పట్లో, బాబాయ్ ఉండగానే, ఆ మనవరాలి పెళ్ళి ఊరి చివర మోప్కాలో జరిగింది, పట్టాలకు చాలా దూరంగా. సీడీ విని నేర్చుకున్న ఆడపిల్లలు నలుగు పెడుతూ మూడో పాట ఎత్తుకున్నారు. చరణం సగంలో, అదే మాట దగ్గర, అందరూ కలిసి ఆగారు. బయట ఏ బండీ లేదు. పైడమ్మ గారు, బాబాయ్, నేను ఒకరినొకరం చూసుకున్నాం. గూడ్సు దాటేంతసేపు ఆగి, పిల్లలు మళ్ళీ అందుకున్నారు.