నిండుకుందన్న మాట

పెద్దమ్మ పోయింది. చెల్లి ఫోన్ చేసేసరికి నేను గుడివాడలో, కాలేజీ ల్యాబులో పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. "అక్కా, అమ్మ పొద్దున కాఫీ తాగి మళ్ళీ పడుకుంది. లేపితే లేవలేదక్కా" అంది. పిల్లల్ని పంపించేసి బందరు రైలెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు. ఇల్లు చేరి, వసారాలో ఆవిడ ఎండురొయ్యలు చెరిగే చేట గోడకి ఆనించి ఉండటం చూశాక వచ్చింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. నేను బందరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళింటి వెనక వాటాలో అద్దెకున్నాను. వాళ్ళది గిలకలదిండిలో చేపల వేటకి వెళ్ళే కుటుంబం. పెదనాన్న ఒంట్లో ఓపిక తగ్గాక పట్నంలో ఇల్లు కట్టుకుని ఎండుచేపల వ్యాపారం పెట్టారు. మాది గూడూరు దగ్గర పల్లెటూరు, చర్చికి వెళ్ళే కుటుంబం. మూడో తరగతి నుంచీ మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. "పెద్దమ్మా" అని పిలవమని ఆవిడే చెప్పింది. ఆవిడ ఒక్కగానొక్క కూతురు నాకు చెల్లెలైంది. దాన్ని అవనిగడ్డ ఇచ్చారు; అమ్మ పోయిన రోజు పుట్టింట్లోనే ఉంది.

ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమంటే ఎవరైనా రాస్తారు. నేను రాయాల్సింది వేరే ఉంది. నేను చేసిన తప్పుకి పెద్దమ్మ నాలుగేళ్ళు తిట్లు తింది. తిట్టింది చెల్లి. అసలు సంగతి చెల్లికి తెలియదు. తెలిసిన నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

బందరులో కెమెరా సెల్లులు కొత్తగా వచ్చిన రోజుల్లో పెదనాన్న ఒకటి కొన్నారు. పట్టుమని రెండు నెలలు కూడా వాడుకోలేదు, గుండెపోటుతో పోయారు. వాడిన ఆ కొన్నాళ్ళలో ఒకరోజు వసారాలో కూర్చుని ఏదో నొక్కుతుంటే గొంతు రికార్డయింది. అర నిమిషం కూడా ఉండదు. "ఏమే, ఇది మాటలు పట్టుకుంటంది చూడు! ఏదీ, నువ్వో మాట మాట్టాడు" అని పెదనాన్న. "నాకేం పనీపాటా లేదా? ఎండ పోతంది, ముందు లేవండి" అని లోపల్నుంచి పెద్దమ్మ. తర్వాత ఆయన నవ్వు. అంతే.

ఆయన పోయాక పెద్దమ్మ రోజూ బజారుకి వెళ్ళబోయే ముందు అది వినేది. చేతులు నీచువాసనని సెల్లుని పాలిథీన్ కవర్లో చుట్టి ఉంచేది. బటన్ వేలి కొసతో కాకుండా వేలు మడిచి కణుపుతో నొక్కేది. సెల్లు అరుగు మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, మనిషి మాట్లాడుతున్నట్టే తలాడించేది. తన గొంతు వచ్చేసరికి మాత్రం తల దించుకునేది. "చూడమ్మా, మనిషి ముచ్చటగా పిలిస్తే కసురుకున్నాను. పాడు నోరు" అనేది. అని, మళ్ళీ మొదట్నుంచి పెట్టేది.

ఆవిడకి పట్టింపులు ఎక్కువ. ఇంట్లో ఏదీ 'లేదు' అనకూడదు. దీపం ఆరిపోయిందంటే ఒప్పుకోదు, కొండెక్కింది అనాలి. నేను "వెళ్తున్నా పెద్దమ్మా" అని గేటు దాకా వెళ్ళినా వెనక్కి పిలిచి "వెళ్ళొస్తా" అనిపించుకునేది. హాస్టల్లో గంట కొడితే కంచం పట్టుకుని వెళ్ళడమే తప్ప, డబ్బాలో ఏముందో ఏం లేదో చూసుకునే అవసరం నాకెప్పుడూ పడలేదు. ఆ ఇంటి మాటలన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఒక్క మాట మాత్రం నేర్చుకోవడం ఆలస్యమైంది.

ఒక సాయంత్రం పెద్దమ్మ సెల్లు పట్టుకుని నా వాటాలోకి వచ్చింది. అల్లుడు మనవడి ఫోటో పంపితే ఎక్కలేదట. "ఇది ఏం పట్టట్లేదంటమ్మా, కాస్త చూడు" అంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. కంప్యూటర్లు చెప్పేదాన్ని కదా, సెల్లు చూడటం నాకో లెక్కా అన్న పొగరు కూడా ఉండేది. తెర మీద మెమరీ ఫుల్ అని ఇంగ్లీషులో ఉంది. దాన్ని ఆవిడకి తెలుగులో చక్కగా చెప్పాననుకున్నాను.

"మెమరీ నిండుకుంది పెద్దమ్మా."

ఆవిడ మొహం పాలిపోయింది. "నిండుకుందా? మొత్తమా?" అంది.

"మొత్తం. ఏం మిగల్లేదు. ఫార్మాట్ కొట్టేస్తే మళ్ళీ బాగా పని చేస్తది. కొట్టనా?"

జాగా ఏం మిగల్లేదని నా అర్థం. ఆవిడ కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. సెల్లు పాడైందని బాధపడుతోంది కాబోలు అనుకున్నాను. "ఇక దాంట్లో ఏముందని? నీ ఇష్టం" అంది. నేను నొక్కేశాను. గొంతు సవరించుకున్నంత సేపు కూడా పట్టలేదు. మనవడి ఫోటో చక్కగా ఎక్కింది. "చూశారా!" అని గర్వంగా ఆవిడ చేతికిచ్చాను.

మర్నాడు పొద్దున వచ్చింది. "అమ్మాయ్, నువ్వు కంప్యూటర్లు చదివావు కదా. నిండుకున్నవి మళ్ళీ తెప్పించే ఉపాయం ఏదన్నా ఉందా? మీ పెదనాన్న మాట ఒక్కటి చాలు" అంది.

నాకు అర్థం కాలేదు. నిండుకోవడమేంటి, తెప్పించడమేంటి అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "బియ్యం నిండుకున్నాయంటే ఏంటే? డబ్బా నిండా ఉన్నాయనా?" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఇంట్లో బియ్యం అయిపోయాయని నోటితో అనకూడదు కాబట్టి నిండుకున్నాయంటారని, ఇరవై ఆరేళ్ళొచ్చాక, డిగ్రీలు చదివాక తెలిసింది. నేను నిండిపోయిందన్న అర్థంలో అన్నాను. ఆవిడ అయిపోయిందని విన్నది. నేను చూసే వేళకే ఆయన మాట పోయిందనుకుని సరేనంది. ఉన్నదాన్ని చెరిపింది నేను.

అదే చెప్పాను. దాచలేదు. ఆ ఒక్కసారికి ధైర్యం చేశాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. "నిన్న పొద్దున కూడా విన్నానమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

సెల్లులోని మెమరీ కార్డు మా ల్యాబుకి తీసుకెళ్ళాను. తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ పెట్టి చూశాను. బెజవాడలో ఒక షాపు వాళ్ళకిచ్చాను. మూడు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో పెదనాన్న చెప్పుల జత, సగం గోడ. గొంతు రాలేదు. వచ్చిన ఫోటోలు చూపిస్తే పెద్దమ్మ చెప్పుల్నే చాలాసేపు చూసింది. "పోన్లే, ఉప్పు పట్టిందే నిలుస్తది. కొన్నిటికి ఉప్పు పట్టదు" అంది. ఎండుచేపల గురించి అంటుండేది ఆ మాట. ఆ రోజు దేని గురించి అందో అడగలేదు.

ఆ ఆదివారం చెల్లి వచ్చింది. వస్తూనే నాన్న మాట వినాలంది. నేను వంటింట్లో టీ వడకడుతున్నాను. నేను బయటికి వచ్చేలోపే పెద్దమ్మ అనేసింది, "నేనే ఏదో నొక్కానే. పోయింది" అని.

చెల్లి ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. "చేతకాని పనులు నీకెందుకే అమ్మా! నాన్నది మిగిలిందే ఆ ఒక్కటి. అది కూడా ఉంచుకోలేకపోయావు. నీకసలు బాధ ఉందా?" అంది. పెద్దమ్మ రొయ్యల తలలు తుంచుతూ కూర్చుంది. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. టీ చల్లారింది.

చెల్లి వెళ్ళాక అడిగాను, ఎందుకలా చెప్పారని. "నన్ను తిడితే మళ్ళీ ఆదివారం వస్తది, నా కడుపున పుట్టింది కాబట్టి. నిన్ను తిడితే జన్మలో నీ గుమ్మం తొక్కదు. దానికా తోడబుట్టినోళ్ళు లేరు. నువ్వా ఒక్కదానివి ఉంటన్నావు. మీ ఇద్దరికీ ఎందుకమ్మా చెడాలి?" అంది. ఇక ఆ సంగతి ఎత్తొద్దని తన మీద ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టు నాకు బాగా పనికొచ్చింది. పెదనాన్న తద్దినం వచ్చిన ప్రతి ఏడూ, అందరూ భోజనాలు చేశాక చెల్లి ఏదో ఒక వంకతో ఆ మాట తెచ్చేది. "ఈవిడ చేతిలో పెడితే ఏదుంటుంది?" అనేది. పెద్దమ్మ నా వైపు చూసేది కూడా కాదు, చూస్తే నేనెక్కడ బయటపడతానోనని. నేను ప్రార్థనలో దేవుడికి చెప్పుకునేదాన్ని. దేవుడికి చెప్పుకోవడం తేలిక. ఆయన ఎదురు తిట్టడు. తర్వాత నాకు గుడివాడలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. పండక్కి పెద్దమ్మ ఎండురొయ్యల పొట్లం పంపేది. ఫోన్ చేస్తే, పెట్టేసే ముందు "ఇంట్లో ఏమన్నా నిండుకున్నాయా?" అని అడిగి నవ్వేది. నన్ను ఆవిడ చేసిన ఎగతాళి ఆ ఒక్కటే.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలందరూ వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం చెల్లి ఇంటికి తాళం వేసింది. అవనిగడ్డ బస్సుకి ఆటో వచ్చి గేటు బయట ఆగింది. ఒట్టు పెట్టించుకున్న మనిషి ఇక లేదు. ఇంకా ఆ ఒట్టు చాటున దాక్కుంటే నా అంత పిరికిది ఇంకోటి ఉండదనిపించింది. "చెల్లీ, నాన్న గొంతు చెరిపింది అమ్మ కాదు, నేను" అన్నాను. నిండుకుందన్న మాట దగ్గర్నుంచి అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ దాని మొహం చూడలేక గేటు వైపే చూశాను.

అరుస్తుందనుకున్నాను. అరవాలనే కోరుకున్నాను. అది అరవలేదు. "నీకసలు బాధ ఉందా అన్నాను కదక్కా ఆ రోజు?" అంది.

"అన్నావు."

"నువ్వు ఉన్నావుగా అక్కడ. అమ్మ ఏమంది?"

"ఏం అనలేదు."

ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. చెల్లి సంచీ మెట్ల మీద వదిలేసింది. వేసిన తాళం తీసి లోపలికి వెళ్ళింది. ముందు గదిలో ఎదురుగోడకి పెద్దమ్మ ఫోటో ఉంది. నేను లోపలికి వెళ్ళలేదు. గుమ్మం ఇవతలే నిలబడ్డాను.

"చెప్పొచ్చు కదే అమ్మా" అని ఒక్కసారి వినిపించింది. ఆటో వెళ్ళిపోయింది. ఎండ మెట్ల మీద నుంచి మెల్లగా సంచీ మీదికి ఎక్కింది.