దిష్టిలో చేరిన పేరు

కడియం దగ్గర నర్సరీల్లో వీరవేణి ఎప్పటినుంచో పనిచేస్తోంది. సంచులకు మట్టి నింపడం, కలుపు తీయడం, మొక్కలకు నీళ్ళు పెట్టడం ఆమె బతుకు. క్యారేజీ విప్పితే పక్కవాళ్ళకు ఓ ముద్ద పెట్టకుండా తినదు. శుక్రవారం దీపం పెట్టకుండా గడప దాటదు. అలాంటి మనిషి ఒక్కడికి మాత్రం చెడు కోరుకునేది. అదీ రోజూ, దేవుడి ఎదుటే.

ఆ ఒక్కడు చిట్టియ్య, పెద్ద నర్సరీ ఆసామి. వీరవేణి కొడుకు రాముడు అతని దగ్గర లారీలకు మొక్కలు ఎక్కించేవాడు. రెండేళ్ళ కిందట కార్తీకంలో వాయుగుండం పట్టి వాన కురుస్తుంటే, లోడు మీదికెక్కి టార్పాలిన్ పట్టా కట్టమన్నాడు చిట్టియ్య. వాన తగ్గాక కడతానన్నా వినలేదు. రాముడు జారిపడి అక్కడికక్కడే పోయాడు. తప్పు తన మీదికి రాకుండా చిట్టియ్య ఓ మాట పుట్టించాడు, తాగి ఎక్కాడని. రాముడు అప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. మనిషిని మట్టి చేసి వచ్చారు గానీ ఆ మాట ఊళ్ళోనే ఉండిపోయింది.

కోడలు బేబీ ఏడుపు దిగమింగుకుని పనిలో పడింది. మనవరాలు వెంకటదుర్గకు మాత్రం కోపం పట్టుకుంది. కంచం విసిరేసేది. జడ వేస్తుంటే దువ్వెన లాక్కుని విరిచేది. ఓసారి తల్లి చెయ్యి నెత్తురొచ్చేలా కొరికింది. అంతా అయ్యాక మంచం కింద దూరి రమ్మన్నా వచ్చేది కాదు. ఇదంతా చిట్టియ్య దిష్టేనని వీరవేణి తేల్చుకుంది.

అందుకని రోజూ సాయంత్రం దుర్గను పెరట్లో తూర్పుకు నిలబెట్టి, పిడికిట్లో రాళ్ళుప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, భక్తిగా కళ్ళు మూసుకుని చుట్టూ తిప్పేది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని అందరూ అనేదే. ఆ పైన తనది కలిపేది.

"చిట్టియ్య దిష్టి, చిట్టియ్య ఇంటిల్లిపాది దిష్టి, నా కొడుకుని పొట్టన పెట్టుకున్నోడి దిష్టి. వాడి కళ్ళు పేలిపోను, వాడి నోరు పడిపోను."

నీళ్ళపొయ్యిలో మిరపకాయలు చిటపటలాడుతుంటే ఆమెకు కడుపులో చల్లగా ఉండేది.

మొన్న శ్రావణంలో బడి నుంచి ఫోనొచ్చింది. మూడో క్లాసు చదివే దుర్గ, అన్నం కంచంతో సుప్రియ నుదుటి మీద కొట్టిందట. నెత్తురొచ్చిందట. సుప్రియ అంటే చిట్టియ్య మనవరాలు.

చేతుల మట్టి కూడా కడుక్కోకుండా బయలుదేరింది వీరవేణి. దారిలో గుండె దడదడలాడింది గానీ అది భయం కాదు. వాడి ఇంట్లోనూ నెత్తురు కారింది. అమ్మా తల్లీ, ఇన్నాళ్ళకు కళ్ళు తెరిచావా అనుకుంది. కొట్టు దగ్గర ఆగి ఓ కాజా కొని, బడి గుమ్మంలో నిలబడ్డ దుర్గ చేతిలో పెట్టింది.

దుర్గ దాన్ని నోట పెట్టుకోలేదు.

"కొట్టినందుకా మామ్మా?"

"తిను," అంది వీరవేణి, మొహం పక్కకు తిప్పుకుని.

రాణి టీచరు ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

"ఆ పిల్ల ఏదో అనే ఉంటదండి," అంది వీరవేణి ముందుగానే.

"ఏమీ అనలేదండి. తన గుడ్డు సగం తుంచి మీ దుర్గ కంచంలో పెడుతోంది. ఇంతలో వంటావిడ వచ్చి, చిట్టియ్య గారి మనవరాలా, ఇంకాస్త వెయ్యనా అంది. ఆ పేరు వినగానే దుర్గ కంచం ఎత్తింది."

వీరవేణి చేతుల మట్టిని కొంగుకు తుడుచుకుంది.

"దానికి కోపం వచ్చినప్పుడు నేనేం అడగనండి. బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి మొహం కడిగించి, పక్కన కూర్చుంటాను. ఊపిరి నెమ్మదించాక అదే చెబుతుంది. పొట్టలో వేడిగా ఉంటదంట. అప్పుడు మీరు దిష్టి తీసేటప్పుడు అనే మాటలు లోపల్లోపల అనుకుంటదంట."

"దాని కోపం పోవాలనే కదండీ తీసేది."

"ఆయ్, నాకు తెలీదా అండి. మా అమ్మా తీసేది. కానీ మామ్మగారూ, క్లాసులో దీని పక్కన కూర్చునేది సుప్రియ ఒక్కతే. ఆ పిల్లా లేచి వెళ్ళిపోతే ఇంకెవరూ కూర్చోరండి."

ఆ సాయంత్రం కూడా వీరవేణి ఉప్పూ మిరపకాయలూ తీసింది. అయితే కళ్ళు మూసుకోలేదు. ఇరుగు దిష్టి అంది. దుర్గ గాలికి ఊగే దండెం మీది బట్టల్ని చూస్తూ నిలబడింది. పొరుగు దిష్టి అంది. కాలితో కాలు గోక్కుంది పిల్ల. చిట్టియ్య దిష్టి అంది. రెండు పిడికిళ్ళూ బిగుసుకున్నాయి. దవడ గట్టిపడింది. పెదాలు మామ్మ మాటలతో పాటు కదలసాగాయి. ఆ చిన్న మొహం మీద తన పగ అంతా అచ్చుగుద్దినట్టు కనిపించింది వీరవేణికి. చెయ్యి ఆగిపోయింది.

"ఆపేశావేంటి మామ్మా? ఇంటిల్లిపాది దిష్టి అనాలి."

"అనను. అది నీకక్కర్లేదే. ఆ పగ నాది, నేను చూసుకుంటాను."

"మరి నాన్న తాగి పడిపోయాడంటగా?"

ఇంట్లో చిట్టియ్యను తిట్టని రోజు లేదు గానీ, రాముడి గురించి పిల్లతో ఒక్క మాట మాట్లాడింది లేదు. వీరవేణి అక్కడే చతికిలబడింది. మీ నాన్న తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకునేవాడని, చెప్పుల్లేని కాళ్ళతో నిన్ను భుజాన వేసుకుని భజనకు తీసుకెళ్ళేవాడని, నువ్వు మాల పట్టుకు లాగితే నవ్వేవాడే గానీ విసుక్కునేవాడు కాదని చెప్పింది. వింటూ వింటూ దుర్గ ఉన్నట్టుండి ఆమె గుండెల మీద పిడికిళ్ళతో దబదబా బాదింది. వీరవేణి చేతులు పట్టుకోలేదు. ఊరుకోమనీ అనలేదు. బాది బాది పిల్ల ఏడుపులో పడింది.

మర్నాడు బడికి తనే వెంట వెళ్ళింది. దారిలో చిట్టియ్య తన ఇంటి గేటు ముందు బండి తీస్తున్నాడు. నుదుటి మీద ప్లాస్టరుతో సుప్రియ పక్కనే ఉంది. దుర్గ మామ్మ కొంగు చాటుకు పోయి, అక్కణ్ణుంచే అడిగింది.

"నొప్పిగా ఉందా?"

"నిన్న ఉంది. ఇవాళ నీ గుడ్డు మొత్తం నాకే," అంది సుప్రియ.

తాత వద్దనేలోపే సుప్రియ సంచీ తగిలించుకుని వచ్చేసింది. ఇద్దరూ ముందుకు నడిచారు.

"పిల్లని అదుపులో పెట్టుకో వీరవేణీ," అన్నాడు చిట్టియ్య.

పిల్లలు మలుపు తిరిగేదాకా ఆమె ఆగింది. తర్వాత గేటు మీద చెయ్యి వేసింది. గారు అనలేదు.

"అది చేసింది తప్పు చిట్టియ్యా, ఒప్పుకుంటున్నాను. నువ్వు చేసింది నువ్వు ఒప్పుకో. నా కొడుకు తాగలేదు. ఆ మాట నీ నోటితో ఊళ్ళో అనేదాకా రోజూ ఇక్కడే నిలబడతాను. పిల్లలు వెళ్ళాకే అడుగుతాను, అంతే తేడా."

చిట్టియ్య బండి అక్కడే వదిలేసి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. వీరవేణి గేటు వదల్లేదు.