చెక్క నిండిందా?

చిన్నప్పుడు మా ఇంట్లో ఆకలేసినంత మాత్రాన అన్నం పెట్టేవారు కాదు... అమ్మ గిన్నెలన్నీ సర్దుకుని, సావిట్లోకి తొంగిచూసి, తాతను ఒక మాట అడిగేది.

"మావా, సెక్క నిండినాదా?"

తాత "నిండినాది" అంటేనే కంచాలు పడేవి. లేదంటే కడుపులో ఎలకలు పరిగెత్తినా సరే, కూర్చోవాల్సిందే.

మాది బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఇల్లు. సావిడే మా కార్ఖానా... అక్కడే పనస దుంగలు, అక్కడే మా పడకలు, అక్కడే మా తమ్ముడు పాకడం. నేల మీద ఎప్పుడూ చిత్రిక పొట్టు. అందులో ఏది పడినా కంటికి ఆనదు, కాల్లో దిగితేనే తెలుస్తుంది. అందుకని తాత గోడకు ఒక పనస చెక్క బిగించి, ఒక్కో పనిముట్టుకూ ఒక్కో చిల్లు పెట్టాడు. ఉలి చిల్లులో ఉలి, ఆకురాయి చిల్లులో ఆకురాయి. చెక్కకు బెజ్జాలు వేసే బరమా ఉంటుంది కదా, దానికి తొడిగే సన్నటి ముళ్లకు కూడా వేరే చిల్లులు.

ఏ చిల్లు ఖాళీగా కనబడినా, ఆ ముక్క పొట్టులో ఎక్కడో దాక్కుని ఉన్నట్టే... ఆ ఖాళీ చిల్లంటే నాకు దయ్యం కన్నా భయం.

ఒకరోజు అమ్మ అడిగితే తాత లేచి చిల్లులన్నీ ఒక్కొక్కటే వేలితో తడిమాడు. అన్నిటికన్నా సన్నటి బరమా ముల్లు లేదు. చిటికెన వేలంత కూడా ఉండదది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు దగ్గాడు. పొట్టు కుప్పలో కూర్చుని ఉన్నాడు. నోటి నిండా పొట్టు... పెదవి చివర నెత్తురు.

అమ్మ వాణ్ణి బోర్లా పట్టుకుని నోట్లో వేలు పెట్టింది. పొట్టు వచ్చింది, చొంగ వచ్చింది, ముల్లు రాలేదు. వాడు ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి ఊరుకున్నాడు. ఏడుస్తున్నంతసేపూ మాకు కాస్త ధైర్యం ఉండింది. ఆ ఊరుకోవడంతో అదీ పోయింది.

నాన్న పాత రేడియోలోంచి తీసిన అయస్కాంతం తెచ్చి పొట్టంతా తిప్పాడు. ఏదో టక్కున అంటుకుంది... అందరం ఒక్కసారే వంగి చూశాం. తుప్పు పట్టిన మేకు. అరటిపండు పెడితే కిందికి జారిపోతుందని మామ్మ, వద్దని నాన్న.

"ఏటి సూస్తన్నారు? గుంటడు మింగీసినాడు, ఆస్పత్రికి పదండి" అంది అమ్మ.

నాన్న ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాడు. అమ్మ వాణ్ణి ఎత్తుకుని వెనకే బయల్దేరింది. గుమ్మానికి అడ్డంగా, తాత ఆ పూటే పైపలక అతికించి ఆరబెట్టిన వీణ ఉంది. మా ఇంట్లో వీణను ఎవరూ దాటరు. పొరపాటున పాదం తగిలితే కళ్లకు అద్దుకుంటాం. ఆ రోజు అమ్మ దాన్ని కాలితో పక్కకు నెట్టేసింది.

వీణ కింది బోలు కుండలో ఏదో గలగలమంది.

ఎక్కడి వాళ్లం అక్కడే ఆగిపోయాం. పలకకు బెజ్జాలు వేశాక తాత ముల్లును కుండలో పెట్టి, జిగురు చల్లారిపోతుందన్న తొందరలో, గోడ వైపు చూడకుండానే పలక మూసేశాడా? లేక లోపలున్నది ఉత్త చెక్క పేడేనా? ఊపి చూశారు, చెవి పెట్టి విన్నారు... ఎవరికీ తేలలేదు. పేడే అయితే ముల్లు తమ్ముడి కడుపులో ఉన్నట్టు.

తాత ఉలి తీశాడు. నెలల తరబడి చెక్కిన వీణ అది. పలక నిలువునా చీలింది. కుండలో చేయి పెట్టి తడిమి తడిమి, తాత అరచేయి చాపాడు.

బరమా ముల్లు.

అమ్మ అక్కడే కూలబడి భోరుమంది. ఏడుస్తూనే ఆ చీలిన వీణకు దండం పెట్టుకుంది. తమ్ముడికి పొట్టు గీరుకుని పెదవి చిట్లిందంతే. తాత ముల్లును దాని చిల్లులో గుచ్చి, "ఇప్పుడు నిండినాదమ్మా" అన్నాడు.

ఆ రోజు కంచాలు పడ్డాయి గానీ ఎవరం ముద్ద మింగలేకపోయాం.

ఇప్పుడు ఆ సావిట్లో తమ్ముడే వీణలు చేస్తున్నాడు. కరెంటు బరమా వచ్చింది. ముళ్లు ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తాయి, ఒకటి కనబడకపోతే ఇంకోటి తీస్తాడు. తాత చెక్క గోడకే ఉంది. ఉలి చిల్లులోంచి సెల్ చార్జరు వేలాడుతోంది...

మొన్న పుట్టింటికి వెళ్లేసరికి వాడి కూతురు పొట్టులో పాకుతోంది. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది, "ఒరే, సెక్క నిండినాదా?" అని.

"ఏ సెక్క అప్పా?" అన్నాడు వాడు, పని లోంచి తలెత్తకుండా.

పిల్లను ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అక్కడున్నంతసేపూ కిందికి దించలేదు.

మీ ఇళ్లలో కూడా అన్నానికి ముందు ఇలా అడిగే మాట ఏదైనా ఉండేదా? ఉంటే రాయండి, చదువుకుంటాను... మా ఇంట్లో ఆ మాటకు జవాబు చెప్పేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.