పది పేజీలల్ల ఒక వీపు

డిగ్రీ రెండో ఏడుల మా తెలుగు సార్ ఒక మ్యాగజైన్ తెచ్చి నా చేతుల పెట్టిండు. మా గోదావరిఖని దిక్కు జరిగిన ఎలక్షన్ ప్రచారం మీద అండ్ల పది పేజీల కథనం ఉన్నది. పట్నం నుంచి వచ్చిన రిపోర్టరు ఒకాయన వారం దినాలు ఒక అభ్యర్థి ఎంబడి తిరిగి రాసిండట. "చదివి నీకేమనిపించిందో రాసుకరా. మంచిగుంటె శుక్రవారం క్లాసుల చదివిపిస్త, గదే మ్యాగజైన్‌కు పంపిస్త" అన్నడు సార్. ఇగ నేను భూమ్మీద ఉన్ననా! అచ్చుల నా పేరు చూసుకోవాలని పదో తరగతి సంది నాకు పిచ్చి.

నిజం చెప్తున్న, ఎంత బాగ రాసిండో! మా చౌరస్త, గులాల్, డప్పులు, ఆటోల మీది మైకులు, అన్ని నేను రోజు చూసేటియే, గని గట్ల ఎన్నడు చూడలే. ఒక్క కాడికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. పొద్దుగాల మొదటి షిఫ్టోళ్లు బొగ్గు బాయిలకు దిగేముందు గేటు కాడ మీటింగు. మా దిక్కు ఏ లీడరైనా ఓటడగాలంటె గక్కడికే రావాలె, కార్మికులందరు ఒక్కతాన దొరికేది గప్పుడే. అభ్యర్థి మాట్లాడుతుంటె అందరు అటే చూస్తున్నరట. ఇస్త్రీపెట్టెతోని కాలిన అంగి ఏసుకున్న ఒక ముసలి కార్మికుడు మాత్రం ఆయనకు వీపు పెట్టి, మీటింగయ్యేదాక అట్లనే నిలబడ్డడట. ఈ నేల కోపమంత ఆ వీపుల ఉన్నదని రాసిండు రిపోర్టరు.

నేను నాలుగు పేజీలు రాసిన. అండ్ల మూడు పేజీలు ఆ వీపు మీదనే. మోసపోయిన తరం అన్న, నోరిప్పని తిరుగుబాటు అన్న, కాలిన అంగి మీద సగం పేజీ పేదరికం రాసిన. సార్ చదివి "శుక్రవారం మొదలు నువ్వే" అన్నడు.

తెల్లారితె శుక్రవారమనంగ, బేస్తారం నాడు బాపు డ్యూటీ దిగొచ్చి అన్నం తింటుంటె గొప్పగ ముందట కూసోని ఆ కథనం చదివి వినిపించిన. మా బాపు బాయిల పైకప్పు కూలకుంట మొద్దులు నిలబెడుతడు. గేటు కాడి ముచ్చట వచ్చిందో లేదో, బాపుకు నవ్వుతోని పొలమారింది.

"అగో! గది నేనేనే! నన్ను ముసలోడంటడా వాడు?"

"ఆ అంగి కాల్చింది ఎవలు మరి?" అని అవ్వ పొయ్యి కాన్నుంచే అందుకున్నది. కాల్చింది నేనే. పండుగ అంగి నా పుణ్యాన డ్యూటీ అంగయ్యింది.

"ఆ లీడరంటె నీకు గంత కోపమా బాపు?"

"కోపమేందే? నా ఓటు ఆయనకే ఏసిన."

"మరి వీపెందుకు పెట్టినవ్?"

"మీ కాక రాలే గద ఆ దినం" అన్నడు. కాక అంటె బాపు జోడి. పద్దెనిమిదేండ్ల సంది ఇద్దరు కలిసే దిగుతరు. "మొద్దు ఒకడు పట్టుకుంటె ఒకడు కొట్టాలె. పైన చప్పుడైతె ముందుగాల వినేది ఆయన చెవే. కొత్తోనితోని దిగితె మనసు నిమ్మలముండది బిడ్డా. నా పానం ఆ తొవ్వల సైకిల్ మోటర్ మీద వస్తున్నది. ఇటు దిక్కు ఎట్ల చూస్త?"

"వచ్చిండా?"

"మీటింగైనంక వచ్చిండు, టైరు పంచరట. తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిన."

నాకు కోపమొచ్చింది, అదీ బాపు మీద! నువ్వు అందరి లెక్క నిలబడితె ఏం పోయేదని కసురుకున్న. బాపు చెయ్యి కడుక్కుంట, "నువ్వు రాసింది నువ్వు చదువుకో. నేనేమన్న కాలేజికొచ్చి చెప్తనా?" అన్నడు. నిజమే, చదివితె ఎవలకు ఎరుక? నా పేరు అచ్చులకొస్తది.

శుక్రవారం క్లాసుల లేచి నిలబడ్డ. సార్ ముందు బెంచీల కూసోని నా దిక్కే చూస్తున్నడు. కాయితాలు మడిచి, "సార్, నేనిది చదవ" అన్న. ఉన్నదున్నట్టు చెప్పిన. క్లాసంత ఘొల్లున నవ్విండ్రు. సార్ గూడ నవ్వి, "ఆ రిపోర్టరు ఒక్క మాట అడిగితె అయిపోయేది గదమ్మా" అన్నడు.

నేను గూడ రాత్రంత ఆయన్నే తిట్టుకున్న. గని అప్పుడు నోట్లెకెళ్లి ఇంకోటి వచ్చింది.

"ఆయనది తప్పు కాదు సార్. ఆయన ఒక్క పూట చూసిండు. నేను పుట్టినకాన్నుంచి ఆ వీపెనుకనే బజారుకు పోయిన, బడికి పోయిన, జరమొస్తె దాని మీదనే దవాఖానకు పోయిన. మూడు పేజీలు రాసిన సార్, గది మా బాపని నేను గుర్తుపట్టలే."

చెప్పుకుంటనే ఏడ్చిన.