డిస్కు ముసలిది, జర ఆగు

ల్యాబ్ సారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున నేను చిట్యాలలో రామన్నపేట బస్సు కోసం నిలబడి ఉంటే మా వదిన ఫోన్ చేసింది. "తమ్మీ, సారు లేడు. చాయ తాగి గ్లాసు కింద పెట్టిండట, గంతే" అంది. ఆమె వెనుక మేకలు అరుస్తున్నాయి. నా ముందుకు బస్సు వచ్చింది, నిండింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఆయన పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. నల్లగొండలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేశారు. లెక్చరర్లు పాఠం చెబితే ఈయన వైర్లు కలిపేవారు. రిటైరై మా ఊరికి వచ్చాక పంచాయతీ వాళ్లను అడిగి ఒక పాత గది తీసుకున్నారు. ఆఫీసులు పనికిరావని పక్కన పెట్టిన కంప్యూటర్లు ఏడు తెచ్చి, పెయింటు బ్రష్షుతో ఒక్కొక్కదాని దుమ్ము దులిపి, ఆ గదిలో పెట్టారు. ఆరు చదువుకునేవాళ్లకు. గోడ పక్కనున్న ఏడోది తనకు తగిలించిన ఒక పాత డిస్కులో పాఠాలు దాచుకుని, వైర్ల మీద ఆ ఆరింటికీ అందించేది. మా ఊర్లో ఇంటర్నెట్ అంటే వచ్చిన రోజు పండుగే. అందుకే ఈ ఏర్పాటు.

చదివేది ఎవరంటారా? ఎప్పుడో బడి మానేసి ఇప్పుడు ఓపెన్ టెన్త్ కట్టిన ఆడవాళ్లు. పత్తి ఏరి, మేకలకు మండలు కొట్టి, మధ్యాహ్నం రెండు గంటలు దొరికితే వచ్చేవాళ్లు. మా వదిన వాళ్లలో ఒకతి. ఏడో తరగతిలో ఆమె పుస్తకాలు అటక మీద పెట్టి, చేతికి గొర్రెల కర్ర ఇచ్చారు.

కరెంటు రోజుకు నాలుగైదు సార్లు పోయేది. వచ్చిన ప్రతిసారీ ఏడో కంప్యూటర్ తనంతట తాను లేచి పాఠాల ప్రోగ్రామును నడిపించాలి. అందుకోసం సారు ఒక చిన్న ఫైలు రాసి పెట్టారు. దాన్ని స్టార్టప్ స్క్రిప్టు అంటారు. నిద్ర లేవగానే ఏం చేయాలో చెప్పే చీటీ అనుకోండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది, కోపం అయిపోలేదు. ప్రోగ్రాములు కంపెనీల సొత్తు కాకూడదనే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ మీద ఎవరో అచ్చేసి పంచిన కరపత్రాలను మడతలు చిరిగేదాకా చదివాను. వాటిలో ఉన్నది నిజమని ఇప్పటికీ నమ్ముతాను. ఏడో కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాము లినక్స్, దానిలో చాలా రకాలు. మాకున్న రకం ఒక కంపెనీ తయారుచేసిందని తెలిసిన రోజున నాకు మండిపోయింది. గది నిండా ఆడవాళ్లు ఉండగానే సారు మీదికి వెళ్లాను.

"సారూ, గిది కంపెనీ లినక్స్. రేపు వాళ్లు తలుపు మూస్తే మనం ఎటు పోవాలె? జనం కూడి చేసుకున్న లినక్స్ ఉన్నది. దాన్నే పెడదాం."

"పెడదాం బిడ్డ. పరీక్షలు పదిహేను దినాలున్నయ్. అయిపోనీయరాదు?"

"ఎప్పుడడిగినా గిదే మాట! బతుకంత ఒకరి కింద పనిచేసిన్రు. గులాంగిరీ మీకు అలవాటైంది సారూ."

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. సారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయనకు మాట దొరకనప్పుడల్లా అద్దాలు మురికయ్యేవి.

"గులాంగిరీ చేసిన మాట నిజమే" అన్నారు. "మార్చు. నేను అడ్డం రాను. కని ఒక్కటి యాదుంచుకో. జొన్నలు ఒక్కటే. ఒకరింట్ల రొట్టె చేస్తరు, ఒకరింట్ల గట్క వండుతరు. పోయిన ఇంట్ల పొయ్యి సూసుకోని వండాలె."

నేను వినిపించుకోలేదు. కొత్త లినక్స్ ఎక్కించాను. సారు రాసిన ఫైలును ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే కదల్లేదు. దాని మొదటి వరసే సాయం కోసం ఇంకో ఫైలును పిలుస్తుంది, ఆ ఫైలు కొత్తదాంట్లో లేదు. అసలు లేచే పద్ధతే వేరు. పాతదాంట్లో ప్రోగ్రాములు రేషన్ షాపు ముందు జనంలా నంబరు ప్రకారం ఒకదాని వెనుక ఒకటి లేచేవి. కొత్తదాంట్లో అన్నీ ఒకేసారి లేస్తాయి. ఎవరికోసమైనా ఆగాలంటే ఆ సంగతి చీటీలో రాసుకోవాలి. సరే, రెండు రోజులు కూర్చుని చీటీ మొత్తం తిరగరాశాను.

సారు ఫైలులో ఒకచోట ఇరవై సెకన్లు ఏమీ చేయకుండా ఊరికే ఉండమని ఒక వరస ఉంది. దానిమీద తెలుగులో ఇలా రాసి ఉంది: "డిస్కు ముసలిది. జర ఆగు." నాకు నవ్వొచ్చింది. ఆగడమే కదా ఈ దేశానికి పట్టిన జబ్బు అనుకుని ఆ వరస కొట్టేశాను. కంప్యూటర్ లేచి ఉండగానే చేత్తో నడిపించి చూస్తే పాఠాలు వచ్చాయి. పని అయిపోయిందని అందరికీ చెప్పి, మోత్కూర్‌లో ఒక సభలో స్వేచ్ఛ గురించి మాట్లాడటానికి వెళ్లిపోయాను.

రెండు రోజుల తర్వాత తిరిగివచ్చి గదిలో అడుగుపెట్టగానే మా వదిన లేచింది.

"అచ్చిండమ్మా, స్వాతంత్ర్యం తెచ్చెటాయన అచ్చిండు!"

"ఏమైంది వదినా?"

"ఏమైందా? మేకలను మీ అమ్మకు అప్పజెప్పి, ఆమె నోట్ల పడి వస్తున్న నేను. కరెంటు పోయి వస్తే సాలు, 'పాఠాలు లేవు' అని పడుతున్నది. సారేమో గా మోకాళ్లతోని ఇంటికాడి నుంచి వచ్చి చేత్తోని నడిపిస్తున్నడు. మొన్న నాలుగు మార్లు వచ్చిండు. నిన్న ఆయన దవాఖానకు పోయిండు, మేమందరం గోడ సూసుకుంట కూసున్నం. నీ లినక్స్ ఎవరిదైతే నాకేంది తమ్మీ? నాకు సైన్సు పాఠం గావాలె."

నేను మూలన కూర్చున్న సారు వైపు తిరిగాను. "మీరే ఒక వరస కలిపితే అయిపోయేది గద సారూ?"

"నీ రాత నేను దిద్దితే నీకు కోపమొస్తది, నాకు సగమే అర్థమైతది. కూసో. సదువు, వింట."

ఇది సారు అలవాటు. ఏ ఫైలునైనా ఆయన కళ్లతో చదివేవారు కాదు, గొంతు విప్పి ఎవరికో ఒకరికి వినిపించేవారు. ఆ వినేవాళ్లకు కంప్యూటర్ తెలియకపోతే మరీ సంతోషం. "తెలిసినోళ్లు తప్పును దాటుకోని పోతరు. తెల్వనోళ్లకే కాలుకు తగుల్తది" అనేవారు. ఆ రోజు మా వదినను ఎదురుగా కూర్చోబెట్టి, "అర్థం కాని జాగల ఆపు బిడ్డ" అన్నారు.

నేను ఒక్కో వరస చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. కంప్యూటర్ లేస్తుంది, ప్రోగ్రాము మొదలవుతుంది, డిస్కులో ఉన్న పాఠాల పట్టీ చూస్తుంది...

"ఆగు" అంది వదిన. "గా డిస్కు లేసిందో లేదో ఎవరు సూసిన్రు?"

నేను ఆ వరస మళ్లీ చదివాను.

"ఎవరు సూడలే గద! మేకలు ఇంకా దొడ్డిల జేరనే లేదు, చెంబు వట్టుకోని పాలు పిండవోయినట్టున్నది నీ కత."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు, నా భుజం మీద చెయ్యి వేశారు. "నేను అంచనా మీద ఇరవై లెక్కవెట్టి ఊకున్న. నీ కొత్తదాంట్ల ఇంతకన్న మంచి దారి ఏమన్న ఉన్నదా?"

ఉంది. ఆ డిస్కు వచ్చి తన జాగాలో కూర్చునేదాకా ఈ ప్రోగ్రామును లేపొద్దని ఒక్క వరసలో చెప్పవచ్చు. ఆ వరస రాశాను. దానిమీద సారు రాసిన మాటలే మళ్లీ పెట్టాను.

"పని అయిందని చెయ్యి చెప్పొద్దు, కరెంటు చెప్పాలె" అంటూ సారు అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరి ఫ్యూజు పీకి మళ్లీ పెట్టారు. ఎవరూ లోపల ఉండకూడదు, ఏదీ ముట్టుకోకూడదు. ఆడవాళ్లంతా కిటికీకి అతుక్కుపోయారు. కంప్యూటర్లు లేచాయని వదిన కేకేయగానే సారు ఎండలో నిలబడి పైకే లెక్క మొదలుపెట్టారు. ఇరవై అన్నారు. తెరలు ఖాళీగా ఉన్నాయి. ఇరవై ఐదు. పది రోజుల్లో పరీక్షలు. ముప్పై. ముప్పై నాలుగు అన్నప్పుడు కిటికీ దగ్గర అరుపులు. "వచ్చినయ్! సారూ, పాఠాలు వచ్చినయ్!"

చెప్పులు గడపలో విడిచి ఆడవాళ్లు లోపలికి పరుగెత్తారు. సారు మాత్రం నా వైపే చూస్తున్నారు.

"సూసినవా? డిస్కు ఇంకింత ముసలిదైంది. నా ఇరవై సాలకపోవు. పరీక్షల నడుమ బోర్లపడేటోళ్లం. నీదే గెలిచింది బిడ్డ." గెలిచింది తానే అన్నంత సంతోషంగా అన్నారు ఆ మాట.

మా వదిన ఆ యేడు పాసైంది. ఇప్పుడు ఇంటర్ కట్టింది. నేను ఇంకా సభలకు పోతున్నాను, ఇంకా అరుస్తున్నాను. కానీ నలుగురిలో అన్న ఆ గులాంగిరీ మాటకు నేను సారును మాఫీ అడగలేదు. ఆయన ఎన్నడూ ఎత్తలేదు, నేను దాన్నే సాకు చేసుకున్నాను. నాలుగేళ్లు గడిచాయి. ఆదివారం నాడు పాడె మోస్తున్నప్పుడు అడిగితే ఏం లాభం?

నిజానికి పాఠాలు తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నమే అడగబోయాను. లోపల సైన్సు పాఠం మొదలైంది. సారు గది బయట అరుగు మీద, గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నేను మాట కూడగట్టుకుని ఆయన పక్కనున్న గుమ్మం లోపలికి వచ్చి నిలబడ్డాను. లోపల రికార్డు చేసిన టీచరమ్మ గొంతు, ఆకులు పచ్చగా ఎందుకుంటాయో ఎవరు చెప్తారు అని అడిగింది. అడిగి, జవాబు కోసం కాసేపు ఆగింది.

తనను ఎవరూ చూడటం లేదనుకుని, మా సారు ఎండలో కూర్చునే మెల్లగా చెయ్యి ఎత్తారు.